తేనెమైనం కొవ్వొత్తికి ఏ వత్తి?

అందరికీ నమస్కారం.

తేనెమైనంతో ఇంట్లో కొవ్వొత్తులు చేసుకునేవాళ్ళు మైనం విషయంలో చాలా శ్రద్ధగా ఉంటారు. రంగు చూస్తారు, వాసన చూస్తారు, ఎంత శుభ్రంగా వడకట్టారో చూస్తారు. అచ్చు కూడా ముచ్చటపడి ఎంచుకుంటారు. వత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతికందిన దారం వేసేస్తారు. తరవాత కొవ్వొత్తి సరిగా వెలగకపోతే మైనాన్ని తప్పుపడతారు. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ దారం గురించే. తేనెటీగలు ఎంతో తేనె తిని, పొట్ట కింద ఉండే గ్రంథుల్లోంచి సన్నటి పొరలు పొరలుగా ఊరించిన పదార్థం ఇది. అంత కష్టపడి తయారైన మైనం సగం కాలి, సగం గోడలుగా మిగిలిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కొవ్వొత్తిలో అసలు కాలేది ఏమిటి? వత్తి కాలుతోందని మనకి అనిపిస్తుంది. వత్తి కాలేది చాలా కొద్దిగా. మంట వేడికి పక్కన ఉన్న మైనం కరుగుతుంది. కరిగిన మైనం వత్తి పోగుల మధ్య సందుల్లోంచి పైకి ఎగబాకుతుంది. మంటలోకి చేరాక ఆవిరవుతుంది. ఆ ఆవిరే మండుతుంది. 1860 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1861 జనవరి దాకా లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. వంచిన గాజు గొట్టం ఒకటి తీసుకుని, ఒక కొస మంట నడిమధ్యలో పెట్టి, లోపలి ఆవిరిని బయటికి తెచ్చి, గొట్టం రెండో కొస దగ్గర వెలిగించి చూపించాడు. ఆ ప్రయోగం తెలిస్తే వత్తి పని ఏమిటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. మంటకి ఇంధనం అందించడమే దాని పని. ఎక్కువ అందించకూడదు, తక్కువ అందించకూడదు.

బావిలో ఊట ఎంత ఉందో చూసి దానికి తగ్గ మోటారు పెడతాం కదా. ఇక్కడా అంతే. మంట వేడికి కరిగే మైనం ఊట, వత్తి మోటారు. వత్తి లాగే మైనం కంటే కరిగే మైనం ఎక్కువైతే మడుగు నిండి వత్తిని ముంచేస్తుంది. వత్తి మరీ ఎక్కువ లాగితే మంట పెద్దదై, ఆ ఆవిరంతా పూర్తిగా మండడానికి గాలి చాలక, మిగిలిన కర్బనం మసిగా పైకి పోతుంది.

మరి తేనెమైనం సంగతి ప్రత్యేకంగా ఎందుకు మాట్లాడుకోవాలి? పారాఫిన్ కొవ్వొత్తికి వేసే వత్తి దీనికి ఎందుకు పనికిరాదు? రెండు కారణాలు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కొవ్వొత్తులకి వాడే చాలా రకాల పారాఫిన్, సోయా మైనాలు అంతకంటే తక్కువ వేడికే కరుగుతాయి. రెండోది, తేనెమైనంలో ఎక్కువ భాగం ఎస్టర్లు అనే రసాయనాలు, వాటి అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. కరిగాక కూడా అది పల్చగా పారదు, కాస్త చిక్కగానే ఉంటుంది. చిక్కటి ద్రవం పోగుల మధ్య నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకని ఒకే లావున్న రెండు కొవ్వొత్తుల్లో, ఒకటి పారాఫిన్, ఒకటి తేనెమైనం అనుకుంటే, తేనెమైనానికి ఒకటి రెండు సైజులు లావు వత్తి కావాలి. సోయా మైనం కోసం తయారైన వత్తుల ప్యాకెట్ కొని తేనెమైనంలో వేసి, మంట నిలవడం లేదని బెంగపడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఆ ప్యాకెట్ మీద అచ్చు వేసిన కొలతలు వాళ్ళ మైనానికి రాసినవి కావు.

ఇప్పుడు వత్తుల రకాలు. దుకాణాల్లో బోలెడు రకాలు ఉంటాయి కానీ మనకి కావలసింది ముఖ్యంగా ఒకటే: స్క్వేర్ బ్రెయిడ్. అంటే నాలుగు పలకలుగా అల్లిన నూలు వత్తి. అడ్డంగా కోసి చూస్తే గుండ్రటి మూలలున్న చదరంలా కనిపిస్తుంది. పోగుల మధ్య సందులు బాగా ఉంటాయి కాబట్టి చిక్కటి తేనెమైనం కూడా సులువుగా ఎక్కుతుంది, కొద్దిపాటి నలక ఉన్నా వెంటనే మూసుకుపోదు. మంటలో కాస్త నిటారుగా నిలబడి, కొస మాత్రం పక్కకి వంగుతుంది.

ఫ్లాట్ బ్రెయిడ్ అంటే మూడు పేటల జడలా చదునుగా అల్లింది. అది బాగా వంగుతుంది. సన్నటి, పొడవాటి, మైనంలో ముంచి తీసే కొవ్వొత్తులకి బాగానే పనిచేస్తుంది. లావు కొవ్వొత్తుల్లో మాత్రం మరీ పక్కకి ఒరిగి, మడుగు ఒకవైపుకే పెరిగే ప్రమాదం ఉంది. మూడోది మధ్యలో గట్టిగా ఏదో ఒకటి పెట్టి అల్లిన కోర్ వత్తి. కాగితం, నూలు, జింకు లాంటివి పెడతారు. గాజు గ్లాసుల్లో మైనం మొత్తం కరిగినప్పుడు వత్తి పడిపోకుండా ఉండడానికి ఇవి. ఒకప్పుడు సీసం తీగ కూడా పెట్టేవారు. ఆ సీసం ఆవిరి గాలిలో కలుస్తుందని తేలాక అమెరికా 2003లో సీసం కోర్ వత్తుల్ని నిషేధించింది. విడిగా నిలబడే తేనెమైనం కొవ్వొత్తికి ఏ లోహపు కోరూ అవసరం లేదు.

ఈ అల్లిక అనేది మామూలు విషయం కాదు, ఒక్క నిమిషం దీని దగ్గర ఆగుతాను. అల్లిన వత్తి రాకముందు కొవ్వొత్తుల్లో పురి పెట్టిన నూలు ఉండేది. పురి పెట్టిన దారం మంటలో నిటారుగా నిలబడుతుంది. దాని కొస మంట నడుమే ఉండిపోతుంది. అక్కడ గాలి చాలదు కాబట్టి పూర్తిగా కాలదు, నల్లగా కొడి కడుతుంది. కొడి పెరిగేకొద్దీ మంట మసి కక్కుతుంది. అందుకని కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు మాటిమాటికీ లేచి కొడి కత్తిరించాల్సి వచ్చేది. దానికోసమే తయారుచేసిన కత్తెరలు ఉండేవి. 1825లో కాంబసెరె అనే ఫ్రెంచి ఆయన అల్లిన వత్తి తెచ్చాడు. అల్లిక బిగువు వల్ల కాలే కొస ఒక పక్కకి వంగుతుంది. వంగిన కొస మంట అంచు దాటి గాలిలోకి వస్తుంది. అక్కడ గాలీ ఉంది, వేడీ ఉంది, కాలి బూడిదై రాలిపోతుంది. అంటే వత్తి తనని తానే కత్తిరించుకుంటుంది. ఇంత చిన్న మార్పు ఇన్నేళ్ళయినా అలాగే నిలిచి ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొస ఎలా కాలుతోందన్నది మన చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి ఆనవాలు. వెలుగుతున్న కొవ్వొత్తిని దగ్గర్నుంచి చూడండి. మంట అడుగున నీలం, వత్తి చుట్టూ కాస్త చీకటిగా ఉండే భాగం, ఆ పైన పసుపు. వత్తి ఆ చీకటి భాగంలోంచి లేచి, పసుపు దాటి, కొస మంట అంచున బయటికి పొడుచుకొస్తుంది. ఆ కొస మీద ఆవగింజంత ఎర్రటి చుక్క కణకణలాడుతూ ఉంటుంది. ఆ చుక్క కనిపిస్తే మీ వత్తి మైనానికి సరిపోయిందని దాదాపు నమ్మవచ్చు. చుక్క లేకుండా కొస మీద నల్లటి గుండు కట్టిందంటే, వత్తి మోయాల్సినదానికంటే ఎక్కువ మైనం మోస్తోందన్నమాట.

సైజు నంబర్ల దగ్గర అందరూ తికమకపడతారు, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. స్క్వేర్ బ్రెయిడ్ వత్తులకి 6/0, 5/0, 4/0 ఇలా మొదలై 1/0 వరకు వస్తాయి. ఆ తరవాత 1, 2, 3, 4 అని పెరుగుతాయి. సున్నా ఉన్న వరసలో ముందు అంకె పెద్దదయ్యేకొద్దీ వత్తి సన్నం. 6/0 చాలా సన్నం, 2/0 దానికంటే లావు. సున్నా లేని వరసలో అంకె పెరిగేకొద్దీ వత్తి లావు. 4/0కీ 4కీ మధ్య చాలా తేడా ఉంది. ఆర్డరు పెట్టేటప్పుడు ఆ సున్నాని రెండుసార్లు చూసుకోండి.

ఇక ఎంత లావు కొవ్వొత్తికి ఏ నంబరు అన్నది. కొవ్వొత్తి ఎత్తు ఎంత అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అడ్డు కొలత ఒక్కటే చూడాలి. 22, 23 మిల్లీమీటర్ల అడ్డున్న సన్నటి కొవ్వొత్తికి 2/0తో మొదలుపెట్టండి. 50 మిల్లీమీటర్ల, స్తంభంలా ఉండే లావు కొవ్వొత్తికి, అంటే పిల్లర్‌కి 2 లేదా 3. 75 మిల్లీమీటర్లకి 4, 5 ఆ ప్రాంతంలో. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. ఒక తయారీదారు 2వ నంబరు ఇంకో తయారీదారు 2వ నంబరుతో అచ్చంగా సమానం కాదు. పట్టికలు కూడా ఒకరివి ఒకరితో కలవవు. పట్టికని పట్టుకుని వాదించేకంటే కొవ్వొత్తిని వెలిగించి చూడడం మేలు.

అడ్డు కొలత గురించి ఒక లెక్క గుర్తుంచుకోండి. 25 మిల్లీమీటర్ల నుంచి 50కి వెళితే అడ్డు రెట్టింపు అయింది కానీ, మంట కరిగించాల్సిన వైశాల్యం నాలుగు రెట్లయింది. అందుకే లావు కొవ్వొత్తులకి వత్తి ఒక సైజు పెంచితే చాలదు, మూడు నాలుగు సైజులు పైకి వెళ్ళాల్సి వస్తుంది. అలాగే కొవ్వొత్తి లావయ్యేకొద్దీ సరైన వత్తి దొరకడం కష్టమవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సన్నటి కొవ్వొత్తులతో మొదలుపెట్టమని నా సలహా. సన్నటి కొవ్వొత్తి చిన్న చిన్న తేడాల్ని ఓర్చుకుంటుంది. లావు పిల్లర్ ఓర్చుకోదు.

ఇప్పుడు ఈ బల్ల మీదకి రండి. ఈ మూడు కొవ్వొత్తులూ ఒకే అచ్చులో, ఒకేసారి కరిగించిన మైనంతో పోసినవి. అడ్డు 50 మిల్లీమీటర్లు. సభ మొదలవకముందు నుంచీ, రెండు గంటలకి పైగా వెలుగుతున్నాయి. తేడా వత్తిలోనే.

[వక్త మొదటి కొవ్వొత్తిని చూపిస్తూ] ఇందులో 1/0 ఉంది. మంట చూడండి, గోరంత ఉంది. వత్తి చుట్టూ సన్నటి గుంట పడింది, గోడలు చెక్కుచెదరలేదు. మంట లోపలికి దిగిపోతున్న కొద్దీ గాలి తక్కువవుతుంది, మైనం మాత్రం వచ్చి చేరుతూనే ఉంటుంది. ఇంకాసేపట్లో వత్తి మునిగి ఆరిపోతుంది. మైనంలో సగానికి పైగా ఎవరికీ పనికిరాకుండా గోడలుగా మిగులుతుంది.

[మూడో కొవ్వొత్తి] ఇందులో 5వ నంబరు వేశాను. మంట పొడవుగా ఉంది, గాలి లేకపోయినా ఊగుతోంది. పైన సన్నటి నల్లటి పొగ తీగ కనిపిస్తోందా? ఒక తెల్ల పింగాణీ ముక్క పైన పట్టుకుంటాను... చూశారా, నల్లబడింది. మడుగు అంచుదాకా వచ్చేసి, ఈ పక్కన గోడ తెగి కిందికి కారిపోయింది. ఇది గంటకి కాల్చాల్సిన మైనం కంటే చాలా ఎక్కువ కాల్చేస్తోంది.

[రెండో కొవ్వొత్తి] ఇది 2. మంట బొటనవేలి కంటే తక్కువ ఎత్తులో నిలకడగా ఉంది. మడుగు అంచుకి సుమారు ఆరేడు మిల్లీమీటర్ల దాకా వచ్చి ఆగింది. ఆ సన్నటి గోడ మంట వెలుగు పడి బంగారు రంగులో ఉంది. అది లోపం కాదండీ. తేనెమైనం పిల్లర్లో కొద్దిగా అంచు మిగలాలి. ఆ అంచే మడుగుని పట్టి ఉంచుతుంది. పారాఫిన్ కొవ్వొత్తిలా అంచుదాకా కరగాలని వత్తి లావు పెంచుకుంటూ పోతే ఇందాకటి మూడో దానిలా అవుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఈ భాగం దయచేసి శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. వత్తి సన్నమైనప్పుడు కనిపించే లక్షణాలూ, వత్తి మూసుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలూ చూడడానికి ఒకేలా ఉంటాయి. రెండింట్లోనూ మంట చిన్నది. మూసుకుపోయినదాన్ని సన్నమనుకుని లావు వత్తి వేస్తారు. అదీ మూసుకుపోతుంది. ఇంకా లావు వేస్తారు. చివరికి మసి కక్కే వత్తి తేలుతుంది కానీ మంట మాత్రం చిన్నగానే ఉంటుంది.

తేడా ఎలా పట్టుకోవాలి? కాలం చూడండి. వెలిగించిన దగ్గర్నుంచీ మంట చిన్నగానే ఉండి, మడుగు పెరగకపోతే వత్తి సన్నం. మొదట అరగంటో గంటో చక్కగా వెలిగి, ఆ తరవాత మెల్లమెల్లగా తగ్గిపోయిందంటే మైనంలో ఉన్న నలక పోగుల్లో చేరి దారి మూసేస్తోంది. ఆర్పి చూస్తే వత్తి పైన గట్టిగా నల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. మంట చిటపటలాడుతుంటే మైనంలో నీరు గానీ తేనె గానీ ఉందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ వత్తి మార్చకండి. మైనాన్ని శుభ్రం చేయండి.

తుట్టె నుంచి వచ్చిన మైనంలో పుప్పొడి, పుప్పొడి జిగురు, తేనె, గూడు పొట్టు అన్నీ ఉంటాయి. పైకి పసుపుగా, అందంగా కనిపించినా ఉండవచ్చు. మైనాన్ని నీళ్ళతో కలిపి కరిగించి, కదపకుండా నెమ్మదిగా చల్లారనివ్వండి. తేనె నీళ్ళలో కలిసిపోతుంది, బరువైన నలక మైనపు బిళ్ళ అడుగున పేరుకుంటుంది. ఆ అడుగుని చాకుతో గీరేసి, మళ్ళీ కరిగించి, నేత దగ్గరగా ఉన్న గుడ్డలో వడకట్టండి. నీళ్ళు ఖనిజాలు ఎక్కువున్నవైతే మైనం నీళ్ళతో కలిసి మెత్తటి ముద్దలా తయారవుతుంది. వాననీళ్ళు గానీ శుద్ధి చేసిన నీళ్ళు గానీ వాడండి. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడండి, ఇనుము, రాగి, ఇత్తడి తగిలితే మైనం రంగు మారుతుంది. పొయ్యి మీద నేరుగా పెట్టవద్దు. వేడి నీళ్ళ పాత్రలో ఇంకో పాత్ర పెట్టి కరిగించండి. మైనం 85 డిగ్రీలు దాటితే రంగు ముదురుతుంది, వాసన పోతుంది, ఇంకా వేడెక్కితే అంటుకునే ప్రమాదం ఉంది. కరిగేంతసేపూ పక్కనే ఉండండి.

శుభ్రమైన మైనానికి కావలసిన వత్తి ఎప్పుడూ మురికి మైనానికి కావలసినదానికంటే సన్నం. అందుకే వత్తిని పరీక్షించే ముందు మైనం సిద్ధంగా ఉండాలి. మైనం మారితే వత్తి పరీక్ష కూడా మళ్ళీ చేయాలి. తేనె అరల మీది మూతల నుంచి వచ్చిన లేత మైనమూ, పాత గూళ్ళ నుంచి తీసిన ముదురు మైనమూ ఒకేలా కాలవు.

వత్తిని వేయడానికి ముందు మైనం పట్టించాలి. ఈ పని చాలామంది ఎగ్గొడతారు. సుమారు 70, 75 డిగ్రీల వేడిలో ఉన్న మైనంలో వత్తిని ముంచండి. సన్నటి బుడగలు వరసగా పైకి వస్తాయి. పోగుల్లో ఉన్న గాలీ తేమా బయటికి పోతున్నాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, రెండు చేతులా లాగి పట్టుకుని నిటారుగా ఆరనివ్వండి. ఇలా పట్టించని వత్తి వెలిగించగానే భగ్గుమని తనే కాలిపోతుంది, కింద మైనం కరిగేలోపు పొట్టిదైపోతుంది. అప్పుడు కూడా మనం సైజునే అనుమానిస్తాం.

దిశ కూడా ఉంది. అల్లికని వెలుతురులో పట్టుకుని దగ్గర్నుంచి చూడండి. వరసగా చిన్న చిన్న కోణాలు, పక్షి రెక్కలు చాపినట్టు కనిపిస్తాయి. ఆ కోణాల నోరు పైకి, మొన కిందికి ఉండేలా వత్తిని నిలబెట్టాలి. తలకిందులుగా పెడితే కొవ్వొత్తి వెలగదని కాదు, కొస సరిగా వంగక కొడి ఎక్కువ కట్టే అవకాశం ఉంది. ముక్కలు కోసేటప్పుడే పై కొసకి చిన్న ముడి వేసుకుంటే తరవాత అయోమయం ఉండదు.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. ఒకే అచ్చు, ఒకే మైనం, పక్కపక్క సైజుల్లో మూడు వత్తులు. పోశాక ఒకటి రెండు రోజులు అలా ఉంచండి. వత్తిని 6 మిల్లీమీటర్లకి కత్తిరించండి. గాలి తగలని చోట పెట్టి, అడ్డు కొలత ప్రతి 25 మిల్లీమీటర్లకీ ఒక గంట చొప్పున వెలిగించండి. 50 మిల్లీమీటర్ల కొవ్వొత్తికి రెండు గంటలు. అప్పుడు మడుగు ఎంత వచ్చింది, మంట ఎత్తు ఎంత, కొస ఎలా ఉంది, రాసిపెట్టుకోండి. ఆర్పి, పూర్తిగా చల్లారాక, మళ్ళీ కత్తిరించి, మళ్ళీ వెలిగించండి. ఒకసారి చూసి తీర్పు చెప్పకండి. మొదటిసారి బాగా వెలిగిన వత్తి కొవ్వొత్తి సగానికి వచ్చాక మసి కక్కవచ్చు, ఎందుకంటే అప్పటికి చుట్టూ గోడ లేచి, గాలి తీరు మారుతుంది. ఒక్కసారికి నాలుగు గంటలు మించి వెలిగించవద్దు. రెండు సైజుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే నేనైతే సన్నదే తీసుకుంటాను. మసి పీల్చడం కంటే కాస్త మైనం మిగలడం నయం.

చివరగా, ముంచి తీసే కొవ్వొత్తులు, సన్నటి మైనపు పలకలు వత్తి చుట్టూ చుట్టి చేసేవి. పలకల విషయంలో పొరల మధ్య గాలి ఉంటుంది, మైనం తక్కువ ఉంటుంది. కాబట్టి అదే లావున్న గట్టి కొవ్వొత్తి కంటే ఒక సైజు సన్నటి వత్తితో మొదలుపెట్టండి. మొదటి చుట్టు వత్తిని గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అక్కడ ఖాళీ ఉంటే కరిగిన మైనం దాంట్లోంచి కిందికి జారిపోతుంది, మంటకి అందదు. ముంచి తీసేవాటిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. మిగతావాళ్ళం కొవ్వొత్తికి వత్తిని వెతుక్కుంటాం. ముంచేవాళ్ళు వత్తికి తగ్గట్టు కొవ్వొత్తిని పెంచుకోగలరు. మీ దగ్గర ఒకే ఒక్క సైజు వత్తి ఉంటే ఆ దారి పట్టండి.

ఇప్పుడు ప్రశ్నలు.

[సభలోంచి] మేడమ్, ఇంట్లో ఉన్న నూలుదారంతో వత్తి మనమే అల్లుకోవచ్చా?

అల్లుకోవచ్చమ్మా. అచ్చం నూలు అయి ఉండాలి. పాలిస్టర్ కలిసిన దారం కాలదు, కరిగి ముద్దవుతుంది, మైనాన్ని లాగదు. కుట్టుదారాల్లో చాలావాటిలో అది ఉంటుంది, కాబట్టి ఒక ముక్క వెలిగించి చూడండి. కొస గట్టి పూసలా తయారైతే అది పనికిరాదు. నూలైతే మెత్తటి బూడిద అవుతుంది. మూడు పేటలు తీసుకుని ఒకే బిగువుతో జడ అల్లండి. మరీ బిగిస్తే మైనం ఎక్కదు, వదులైతే మంట ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక కప్పు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల బోరాక్స్, ఒక చెంచా ఉప్పు కరిగించి, అందులో రాత్రంతా నానబెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. దానివల్ల నూలు నెమ్మదిగా, తక్కువ బూడిదతో కాలుతుంది. బోరాక్స్ పిల్లలకి అందకుండా చూసుకోండి, అది కడుపులోకి వెళ్ళకూడదు. ఒక ఇబ్బంది ఏమిటంటే, చేత్తో అల్లినప్పుడు ఈ రోజు అల్లినదీ వచ్చే నెల అల్లినదీ ఒకే లావు రావు. ఎన్ని పోగులు, ఎంత పొడవు అన్నది రాసిపెట్టుకుంటే కొంత నయం.

[సభలోంచి] గాజు గ్లాసులో పోస్తే ఎప్పుడూ మధ్యలో గుంట పడుతోందండీ. ఏ వత్తి వేయాలి?

అచ్చమైన తేనెమైనం గాజు గ్లాసుకి అంత అనువైనది కాదండీ. చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గాజుని వదిలేస్తుంది, పగుళ్ళు వస్తాయి. అంచుదాకా కరిగించాలంటే లావు వత్తి కావాలి, లావు వత్తి వేస్తే గాజు విపరీతంగా వేడెక్కుతుంది. చాలామంది కొబ్బరినూనె లాంటి మెత్తటి నూనె కొంత కలిపి, కరిగే వేడిని తగ్గించి, అప్పుడు వత్తి ఎంచుకుంటారు. అదే సరైన పద్ధతి. ఎంత నూనె కలిపితే అంత సన్నటి వత్తి సరిపోతుంది. వేడికి తట్టుకునే మందపాటి గాజు వాడండి. వత్తి అడుగున పెట్టే రేకు బిళ్ళకి కాస్త ఎత్తు మెడ ఉన్నది తీసుకోండి. అప్పుడు అడుగున కొంచెం మైనం ఉండగానే మంట ఆగిపోతుంది, గాజు అడుగు పగలదు.

[సభలోంచి] ఇప్పటికే తప్పు వత్తితో చాలా కొవ్వొత్తులు పోసేశాను. వాటిని ఏం చేయాలి?

మైనం ఎక్కడికీ పోదు. సన్నటి వత్తి పడిన పిల్లర్లని ముక్కలు చేసి, వేడి నీళ్ళ పాత్రలో పెట్టి కరిగించండి. వత్తులు పైకి తేలితే పట్టకారుతో తీయండి. నల్లబడిన కొస కత్తిరించేస్తే మిగిలింది మైనం పట్టిన మంచి వత్తే, సన్నటి కొవ్వొత్తుల్లోకి సరిగ్గా సరిపోతుంది. మైనాన్ని వడకట్టి మళ్ళీ పోయండి. మరీ మాటిమాటికీ కరిగిస్తే రంగు ముదురుతుంది కాబట్టి ఈసారి ముందు మూడే పోసి, వెలిగించి చూశాక మిగతావి పోయండి. వత్తి లావైపోయిన సన్నటి కొవ్వొత్తులైతే అసలు కరిగించక్కర్లేదు. పొడవాటి డబ్బాలో మైనం కరిగించి, వాటిని అందులో నాలుగైదుసార్లు ముంచి తీయండి. ఒక్కో పొర గట్టిపడ్డాకే రెండోసారి ముంచాలి. రెండు మూడు మిల్లీమీటర్ల లావు పెరిగాక ఒకటి వెలిగించి చూడండి. మంట ఇంకా ఊగుతుంటే, మసి వస్తుంటే, ఇంకో రెండు పొరలు.